గుర్తు లేని రూపాయి దొంగదా? వెండి నాణేల మీద టంకశాల ముద్రలు

ప్రశ్న: మా అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో, చీరల అడుగున, ఒక గుడ్డ మూటలో ఎనిమిది వెండి నాణేలు దొరికాయి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్నవి మూడు: 1840, 1862, 1901. ఎడ్వర్డ్ రాజుది 1907 నాటిది ఒకటి. దానికి పైన కొక్కెం అతికించి ఉంది, అమ్మమ్మ చిన్నప్పుడు దండలో వేసుకునేదట. జార్జి రాజులవి 1911, 1918, 1944. ఇవి కాక చార్మినార్ బొమ్మ నాణెం ఒకటి, దాని మీద రాత అంతా ఉర్దూలా ఉంది. వెండి కొట్లో చూపిస్తే "టంకశాల గుర్తు లేనిది దొంగ నాణెం, మీ వాటిలో సగానికి గుర్తే లేదు" అన్నారు. మా మేనల్లుడేమో "బి" అక్షరం ఉన్న రూపాయికి లక్షలు వస్తాయని ఫోనులో వీడియో చూపించాడు. 1840 నాణెం మీద రాణి మెడ దగ్గర రెండు "డబ్ల్యు"లు ఉన్నాయి, అది ఏ ఊరి గుర్తు? నాణేలు నల్లబడ్డాయి, బాగా తోమితే గుర్తులు బయటపడతాయా? అమ్మాలని లేదు. మా దగ్గర ఉన్నవి ఏమిటో తెలుసుకోవాలని ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. తక్కినవి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. దయచేసి తోమకండి. చింతపండు, విభూది, కుంకుడు రసం, పళ్ల పొడి, వెండి సామాన్లకు వాడే పొడులు, ఏవీ వాటి దగ్గరికి రానివ్వకండి. టంకశాల గుర్తు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే చుక్క, లేదంటే అంతే చిన్న అక్షరం. వందేళ్లు చేతులు మారి ఇప్పటికే అరిగిన ఆ చుక్క మీద పొడి వేసి రుద్దితే ముందుగా పోయేది అదే. పైగా ఆ నలుపు మీకు సాయం చేస్తుంది. గుంటల్లో నలుపు నిలిచి, ఎత్తుగా ఉన్న భాగాలు తెల్లగా మెరుస్తాయి కాబట్టి సన్నని అక్షరం కూడా స్పష్టంగా తెలుస్తుంది. తోమిన నాణెం మీద అంతా ఒకే మెరుపు, కంటికి ఏదీ ఆనదు. మట్టి పేరుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు నానబెట్టి, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దండి. అంతకు మించి ఏమీ చేయవద్దు.

ఇక కొట్లో అన్న మాట. అది పూర్తిగా తప్పు, వినగానే నాకు బాధ కలిగింది. ఆ మాట నమ్మి ఎంతమంది మంచి నాణేలను కరిగించడానికి ఇచ్చేశారో. బ్రిటిష్ కాలపు వెండి రూపాయిల్లో గుర్తు లేనివి కోట్ల సంఖ్యలో ఉన్నాయి. అవి కలకత్తా టంకశాలవి. కలకత్తా ప్రధాన టంకశాల, దాని నాణేలకు చాలా కాలం ప్రత్యేకంగా గుర్తు వేయలేదు. బొంబాయి, ఆ తరవాత లాహోర్ తమ గుర్తు వేసుకున్నాయి. ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు మీ పర్సులో ఉన్న చిల్లర తీసి ఏడాది అంకెల కింద చూడండి. వజ్రం ఆకారం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా.

అసలు ఈ గుర్తు ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. ఒకే బొమ్మ, ఒకే బరువు, ఒకే మేలిమితో రెండు మూడు చోట్ల నాణేలు కొడుతున్నప్పుడు ఎక్కడో ఒకచోట వెండి తగ్గిందనో తూకం తప్పిందనో తేలితే ఆ తప్పు ఎవరిదో పట్టుకోవాలి. అందుకే ఈ గుర్తు. అది టంకశాల లోపలి లెక్క కోసం పెట్టినది, మనకు చూపించడానికి కాదు. కాబట్టే అంత చిన్నగా, నగిషీల మధ్య దాక్కుని ఉంటుంది. ఏ రాజు కాలంలో ఏ మూలన వేశారో తెలియకుండా నాణెం అంతా వెతికితే దొరకదు. ముందు రాజు, తరవాత ఏడాది, ఆ తరవాతే గుర్తు. చాలామంది ఈ వరస తలకిందులు చేసి, ముందే భూతద్దంతో "బి" కోసం వెతికి, కనిపించిన ప్రతి గీతనూ అక్షరంగా చదువుకుంటారు.

చూసే పద్ధతి చెబుతాను. పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దం, గడియారాలు బాగుచేసేవాళ్లు వాడేది, సరిపోతుంది. ట్యూబులైటు కింద చూడకండి, పైనుంచి నిండా పడే వెలుగులో నాణెం చదునుగా కనిపిస్తుంది. గది చీకటి చేసి, టార్చిని బల్ల మీద పడుకోబెట్టినట్టు పక్కనుంచి వెయ్యండి. ఇప్పుడు నాణేన్ని మెల్లగా తిప్పండి. ఉబ్బెత్తు చుక్కకు ఒక పక్క వెలుగు, అవతలి పక్క నీడ పడతాయి. తిప్పుతుంటే ఆ నీడ కూడా చుట్టూ తిరుగుతుంది. గుంటగా చెక్కిన అక్షరానికి ఇదే తిరగబడి, వెలుగు వచ్చే వైపు అంచు చీకటిగా ఉంటుంది. మరక ఎంత తిప్పినా మరకలానే ఉంటుంది, దానికి నీడ ఉండదు. ఈ ఒక్క పరీక్షతో సగం భ్రమలు తొలగిపోతాయి.

మీ 1918 రూపాయితో మొదలు పెట్టండి, అన్నిటిలోకి తేలికైనది అదే. బొరుసు వైపు తిప్పి, అంకెలు నిటారుగా ఉండేలా పట్టుకోండి. చుట్టూ పూల తీగ ఉంటుంది. అందులో ఇంగ్లండు గులాబీ, స్కాట్లండు ముళ్ల పువ్వు, ఐర్లండు మూడాకుల మొక్క, అన్నిటికీ అడుగున మన తామర. ఆ తామర పువ్వుకూ అంచుకూ మధ్య చిన్న ఖాళీ ఉంది. అక్కడ ఉబ్బెత్తుగా ఒక చుక్క ఉంటే బొంబాయి, ఖాళీ నున్నగా ఉంటే కలకత్తా. అయిదో జార్జి రూపాయిలన్నిటికీ ఇదే చోటు. అక్షరం కోసం వెతకనక్కరలేదు, ఈ రూపాయిల్లో బొంబాయి గుర్తు చుక్కే. నున్నగా ఉందని తేల్చే ముందు ఒక్క మాట: తామర రేకుల గీతలు ఇంకా తెలుస్తున్నాయా లేదా చూడండి. రేకులే అరిగిపోయి ఉంటే చుక్క కూడా అరిగి ఉండవచ్చు. అలాంటి నాణేన్ని కలకత్తాదని రాసి పెట్టుకోకూడదు. గుర్తు లేదనడానికీ, గుర్తు కనిపించడం లేదనడానికీ తేడా ఉంది. ఈ విద్యలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

ఆ 1918 నాణెం గురించి ఇంకొంచెం చెప్పాలని ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మన దేశంలో వెండి రూపాయిలకు కటకట వచ్చింది. యుద్ధ సామగ్రికీ సైన్యానికీ ఇక్కడ రూపాయిల్లో చెల్లించాలి, జనమేమో కాగితం నోట్లు ఇచ్చి వెండి పట్టుకుపోతున్నారు. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని 25 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కు అమ్మింది. అది మన టంకశాలలకు చేరింది. ఆ కాలపు రూపాయిలు ఇంత విరివిగా దొరకడానికి కారణం అదే.

1911 రూపాయిని మాత్రం విడిగా ఒక కాగితం కవరులో పెట్టండి. అయిదో జార్జి పట్టానికి వచ్చిన కొత్తలో కొట్టిన నాణెం అది. రాజు వస్త్రం మీద వేలాడే బిరుదు హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. చెక్కడంలో తొండం పొట్టిదై, చూసిన వాళ్లకు అది పందిలా అనిపించింది. ముస్లింల నుంచి అభ్యంతరం రావడంతో ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావాటిని కరిగించింది, 1912 నుంచి ఏనుగును సరిచేసి కొట్టింది. దీన్ని సేకర్తలు పంది రూపాయి అంటారు. కలకత్తా, బొంబాయి రెండూ ఆ ఏడాది కొట్టాయి, గుర్తు చోటు పైన చెప్పినదే. కానీ ఈ నాణెం విషయంలో టంకశాల కన్నా ఆ ఏడాదికే విలువ ఎక్కువ. హారంలో ఏనుగును భూతద్దంతో ఒకసారి చూడండి, తరవాత 1918 నాణెం మీది ఏనుగుతో పోల్చండి. తేడా తెలిసిపోతుంది.

విక్టోరియా నాణేల దగ్గర కాస్త ఓపిక కావాలి. 1840 రూపాయి మీది రెండు "డబ్ల్యు"లు ఊరి గుర్తు కాదు. అవి విలియం వయన్ పొడి అక్షరాలు. రాణి తల బొమ్మను చెక్కిన శిల్పి ఆయన. మెడ తెగిన చోట సంతకంలా తన అక్షరాలు ఉంచాడు. అంతకుముందు 1835లో వచ్చిన నాలుగో విలియం రూపాయి మీద అదే చోట "ఎఫ్" అనో "ఆర్.ఎస్." అనో కనిపిస్తుంది. మొదటిది విలియం నైర్న్ ఫోర్బ్స్‌ది, రెండోది రాబర్ట్ సాండర్స్‌ది. ఇద్దరూ కలకత్తా టంకశాల అధికారులు. మెడ మీద అక్షరం కనిపిస్తే అది మనిషిదని, బొరుసు వైపు పూల నగిషీల్లో కనిపిస్తే అది టంకశాలదని గుర్తుంచుకుంటే బ్రిటిష్ కాలపు రూపాయిల్లో చాలావాటికి సరిపోతుంది.

ఇంకో సంగతి, 1840 అని ఉన్నంత మాత్రాన ఆ నాణెం 1840లో కొట్టినది కానక్కరలేదు. ఈస్టిండియా కంపెనీ ఆ ఏడాదినే అచ్చుల మీద స్థిరంగా ఉంచి, 1862లో కొత్త నాణెం వచ్చేదాకా అదే అంకెతో కొట్టింది. రాణి తల చుట్టూ "విక్టోరియా క్వీన్" అనే రాత చూడండి. తలకు అటొక మాట, ఇటొక మాటగా విడిపోయి ఉంటే తరవాతి రకం. తల మీదుగా ఎడం లేకుండా ఒకే వరసలో సాగిపోతే మొదటి రకం.

1862 నాణెం మీ మూటలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. దాని మీద కూడా ఏడాది ఆగిపోయింది. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చాక మొదలైన ఈ రూపాయిని 1874 దాకా 1862 అనే అంకెతోనే కొట్టారు. ఏ ఏడాది సరుకు ఏదో తెలియకపోతే లెక్కకు కష్టం. అందుకని బొంబాయి టంకశాల సన్నని చుక్కలు వేసింది. బొరుసు వైపు "వన్" అనే మాటకు పైన, 1862 అంకెకు కింద, ఈ రెండు చోట్లా చూడండి. కొన్నిటికి కిందే ఉంటాయి, కొన్నిటికి పైన కూడా. ఎన్ని చుక్కలు ఎక్కడ ఉన్నాయో బట్టి నాణేల పరిశోధకులు ఆ రూపాయి ఏ ఏట తయారైందో చెబుతారు. పైన ఎన్ని, కింద ఎన్ని అని విడివిడిగా రాసుకోండి, కలిపి లెక్కపెట్టకండి. చుక్క ఒకటి ఎక్కువో తక్కువో అయితే ఏడాది మారిపోతుంది, నాణెం అరుదో కాదో కూడా మారిపోతుంది. ఇక్కడే అరుగుదల పెద్ద చిక్కు. పక్కనుంచి వెలుగు వేసి చూడమన్నది ముఖ్యంగా ఈ నాణెం కోసమే.

1901 నాటికి రాణి "ఎంప్రెస్" అయింది. 1877 నుంచి నాణేల మీద ఆ బిరుదే ఉంటుంది. ఈ రూపాయిల బొరుసు మీద అడుగున, అంచుకు దగ్గరగా ఉండే పువ్వు నగిషీలో గుర్తు దాగి ఉంటుంది. బొంబాయికి "బి", కొన్నిటిలో ఉబ్బెత్తుగా, కొన్నిటిలో గుంటగా. కలకత్తాకు ఇక్కడ కొన్ని నాణేల మీద గుంటగా చెక్కిన "సి" కూడా ఉంది, గుర్తు లేని కలకత్తా రూపాయిలూ ఉన్నాయి. 1870ల నాణేల్లో ఏడాది అంకెల కింద బొంబాయి చుక్క కూడా కనిపిస్తుంది. రేకుల మధ్య నలుపు పేరుకుని "సి" లాగా అనిపించే సందర్భాలు ఈ రకంలో చాలా ఎక్కువ. టార్చిని రెండు వైపుల నుంచి వేసి చూశాకే నమ్మండి. ఒకటి మాత్రం ఎవరు చెప్పినా నమ్మవద్దు. "ఎంప్రెస్" రూపాయి మద్రాసుదని ఎవరైనా అంటే అది పొరపాటు. మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది.

కొక్కెం అతికించిన 1907 రూపాయి సంగతి వేరు. ఏడో ఎడ్వర్డ్ రూపాయిల్లో బొరుసు మీద పైన కిరీటం, దాని కొసన చిన్న సిలువ ఉంటాయి. బొంబాయి నాణెమైతే ఆ సిలువ కింద ఖాళీలో గుంటగా "బి" చెక్కి ఉంటుంది. దండకు గుచ్చడానికి కంసాలి కొక్కెం అతికేది సరిగ్గా ఆ పై అంచు దగ్గరే. టంకం కరిగి పాకి సిలువను కప్పేసి ఉంటే గుర్తు దాని కింద ఉందో లేదో పైకి తెలియదు. అలాగని కొక్కెం ఊడదీయించకండి. వేడి పెడితే వెండి రంగు మారుతుంది, ఆకురాయి పెడితే కిరీటమే పోతుంది. అమ్మమ్మ మెడలో వేసుకున్న నాణెం అలా ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. టంకం పక్కకు పాకి సిలువ బయటికి కనిపిస్తుంటే మాత్రం భూతద్దంతో చూసి చెప్పవచ్చు.

1944 నాణెం ఆరో జార్జిది. ఇది చేతిలో పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. యుద్ధంలో వెండి కరవై 1940 నుంచి రూపాయిలో సగమే వెండి కలిపారు. మిగిలింది 40 శాతం రాగి, అయిదు శాతం నికెల్, అయిదు శాతం జింకు. దొంగ నాణేల బెడద తగ్గించడానికి అంచును కూడా మార్చారు, గీతల మధ్యగా ఒక గాడి చుట్టూ సాగుతుంది. యుద్ధ కాలంలో లాహోర్‌లో కూడా టంకశాల పెట్టారు. అక్కడి రూపాయిల బొరుసు మీద అడుగున చిన్న "ఎల్" ఉంటుంది. 1944, 1945 రూపాయిల్లో ఈ అక్షరం చూడవచ్చు. దేశం విడిపోయాక లాహోర్ పాకిస్తాన్‌కు వెళ్లింది, కాబట్టి మన రూపాయి మీద ఆ అక్షరం కనిపించేది ఆ కొద్ది ఏళ్లే. అయితే గుర్తు లేనిది కలకత్తాది అనే సూత్రాన్ని ఆరో జార్జి నాణేలకు గుడ్డిగా వాడకండి. ఉదాహరణకు 1938 రూపాయిల్లోనే చుక్క ఉన్నవీ లేనివీ రెండు రకాలూ దొరుకుతాయి. కేటలాగులో ఆ ఏడాది వరస చూసుకున్నాకే పేరు పెట్టాలి. 1947లో వచ్చిన పులి బొమ్మ రూపాయి ఎవరైనా వెండిదని అమ్మజూపితే అయస్కాంతం పెట్టి చూడండి. అది నికెల్, అంటుకుంటుంది.

చార్మినార్ నాణెం నిజాముల సొంత రూపాయి, హాలీ సిక్కా. దాని బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి కన్నా తేలికగా ఉందని అనుమాన పడకండి, అది అంతే. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. చాలామంది దాన్ని టంకశాల గుర్తు అనుకుంటారు. అది రాజుగారి పేరులోని మొదటి అక్షరం. "మీమ్" ఉంటే మీర్ మహబూబ్ అలీ ఖాన్, "ఐన్" ఉంటే 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఉర్దూ చదవగలిగిన వాళ్లకు చూపిస్తే ఒక్క క్షణంలో చెబుతారు. టంకశాల పేరు రెండో వైపు పూర్తిగా రాసే ఉంటుంది, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని. ఇక్కడ దాచుకున్న చుక్కలు లేవు. ఏడాది హిజ్రీ లెక్కలో ఉంటుంది కాబట్టి 13 తో మొదలయ్యే అంకె చూసి కంగారు పడవద్దు. హైదరాబాద్‌లో ఉంటే సైఫాబాద్ పాత టంకశాల భవనంలో 2022లో తెరిచిన మ్యూజియానికి ఈ నాణేలు చూసిన కళ్లతో వెళ్లండి, ఎంతో తృప్తిగా ఉంటుంది.

ఊరి పేరు రాసి ఉన్నా అక్కడే కొట్టారని కాదు. అంతకుముందు కాలపు నాణేలు మీకెప్పుడైనా దొరికితే ఈ మాట పనికొస్తుంది. మొగలు చక్రవర్తి షా ఆలం పేరుతో కంపెనీ కొట్టిన రూపాయిల మీద ముర్షిదాబాద్ అని, పందొమ్మిదో పాలనా సంవత్సరం అని ఉంటుంది. కొట్టింది కలకత్తాలో, అదీ ఏళ్ల తరబడి అదే అంకెతో. బజారులో జనం నమ్మిన పేరు ముర్షిదాబాద్ కాబట్టి దాన్నే ఉంచారు. మన వైపు చెలామణి అయిన ఆర్కాటు రూపాయిల కథ కూడా ఇలాంటిదే. ఆర్కాటు పేరు పెట్టి మద్రాసులో ఇంగ్లీషు వాళ్లూ, పుదుచ్చేరిలో ఫ్రెంచి వాళ్లూ కొట్టారు. ఫార్సీ అక్షరాల సందున తామర పువ్వు ఉంటే మద్రాసుది, నెలవంక ఉంటే పుదుచ్చేరిది. పేరు ఒకటే, నిజం చెప్పేది ఆ చిన్న బొమ్మ.

మీ మేనల్లుడి లక్షల సంగతికి వద్దాం. అతని ఆశను తప్పు పట్టను, ఆ వీడియోలు అలాగే తీస్తారు. కానీ బొంబాయి టంకశాల కోట్ల రూపాయిలు కొట్టింది. "బి" ఉండడం ఒక్కటే ఏ నాణేన్నీ అపురూపం చేయదు. ఒకే ఏడాదిలో ఒక టంకశాల ఎక్కువ కొట్టి మరొకటి తక్కువ కొట్టినప్పుడు మాత్రమే గుర్తుకు ధర పలుకుతుంది. దానికి కూడా నాణెం అరగకుండా ఉండాలి. అపురూపమన్న మాటకు నిజంగా తగినది 1939 రూపాయి లాంటిది, అక్కడ కూడా ఏడాదిని చూసే. వెండి విలువ ఏ గుర్తున్నా మారదు. 1835 నుంచి 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా తులం. అందులో 91.7 శాతం వెండి, అంటే ఒక్కో నాణెంలో దాదాపు 10.7 గ్రాముల మేలిమి. మీ 1944 నాణెంలో 5.83 గ్రాములే.

పాత నాణేలు కొంటామని, ముందు రిజిస్ట్రేషన్ రుసుమో పన్నో కట్టమని ఫోను వస్తే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 అని ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణేలు కూడా కొందరు చూపిస్తారు. కంపెనీ అలాంటివి ఎన్నడూ కొట్టలేదు. విదేశాల్లో ఉన్న బంధువుల ద్వారా అమ్మించాలని ఎవరైనా సలహా ఇస్తే, వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుందని, సొంతంగా దేశం దాటించడం నేరమని చెప్పండి.

దొంగ నాణెం కాదని మీ మనసుకు నమ్మకం కలగాలంటే గుర్తు మీద ఆధారపడకండి, తూకం మీద ఆధారపడండి. గ్రాములో వందో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం చాలు. ముందు నాణేన్ని తూచి రాసుకోండి. తరవాత తూకం మీద గిన్నెలో నీళ్లు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. తూకం ఎంత చూపితే ఆ అంకెతో మొదటి బరువును భాగించండి, నాణెం నీళ్లకన్నా ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. 91.7 శాతం వెండి అయితే 10.3 దగ్గర వస్తుంది. 11.66 గ్రాముల నాణేనికి తూకం 1.13 దగ్గర ఆగాలి. వెండి బదులు మామూలుగా వాడే నికెల్, జర్మన్ సిల్వర్ లాంటి తెల్ల లోహాలు తొమ్మిది కూడా దాటవు. కొంచెం అరిగి బరువు 11.5 గ్రాములకు తగ్గినా ఈ భాగహారం మారదు, అందుకే నాకు ఈ పరీక్ష అంటే అంత నమ్మకం. కొక్కెం ఉన్న నాణేనికి, 1944 దానికి, చార్మినార్ దానికి ఈ 10.3 లెక్క వర్తించదు.

గుర్తునే దొంగగా వేసినవి కూడా ఉంటాయి, వాటిని పట్టుకోవడం కష్టం కాదు. టంకశాలలో అచ్చు మీద గుంట ఉంటే నాణెం మీద ఉబ్బు వస్తుంది, అచ్చు మీద ఉబ్బు ఉంటే నాణెం మీద గుంట పడుతుంది. రెండూ ఒకే దెబ్బతో బొమ్మతోపాటే ఏర్పడతాయి. తరవాత ఎవరో ఇంట్లో కూర్చుని "బి" పోటు వేస్తే, లోపలికి నొక్కుకున్న లోహం అక్షరం చుట్టూ గట్టులా పైకి లేస్తుంది. నాణెం తిప్పి చూస్తే సరిగ్గా ఆ చోటు వెనక బొమ్మ చదునుగా నలిగి ఉంటుంది. చుక్క అతికించి ఉంటే దాని మొదట్లో సన్నని గీత, రంగులో తేడా కనిపిస్తాయి. గట్టు, నలుగుడు, గీత, ఈ మూడింటి కోసం చూడండి.

నాణేలను మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, కొన్నేళ్లకు పచ్చని జిగురు పడుతుంది. ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవరులో, ఒకదానికొకటి తగలకుండా ఉంచండి. కవరు మీద రాజు, ఏడాది, బరువు, ఏ చోట ఏ గుర్తు కనిపించిందో పెన్సిలుతో రాయండి. అరిగి తెలియకపోతే "తెలియడం లేదు" అనే రాయండి, ఊరి పేరు ఊహించి వేయకండి. 1862 రూపాయి బొరుసును టార్చి ఎడమ నుంచి వేసి ఒకటి, కుడి నుంచి వేసి ఒకటి ఫోటోలు తీసి పంపండి. "వన్" పైన, అంకెల కింద ఎన్ని చుక్కలున్నాయో చూసి, అది ఏ ఏట కొట్టినదై ఉంటుందో ఈ శీర్షికలోనే రాస్తాను.